జే-1 స్కాలర్లు ఈ కన్సల్టెన్సీకి వెళ్లకపోవడమే మంచిది

అమీర్‌పేటలోని ఒక వీసా కన్సల్టెన్సీ గురించి ఇది, పేరు చెప్పను. మా చెల్లికి అమెరికాలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) వస్తే, జే-1 అనే ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా కోసం వీళ్ల దగ్గరికి వెళ్లాం. మాస్టర్స్‌కి వెళ్లే పిల్లల ఫైళ్లు రోజూ చూస్తారు కాబట్టి స్టూడెంట్ వీసా ఎఫ్-1 వీళ్లకు కొట్టిన పిండి, జే-1 అనేసరికి మాత్రం తడబడ్డారు. చేతికిచ్చిన చెక్‌లిస్టులో ఐ-20 అని ఉంది, అది ఎఫ్-1 వాళ్లకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం. జే-1కి యూనివర్సిటీ పంపేది డీఎస్-2019 కదండీ అంటే, పెన్నుతో కొట్టేసి పక్కన రాసిచ్చారు. సెవిస్ (విదేశీ విద్యార్థుల, ఎక్స్ఛేంజ్ విజిటర్ల వివరాలుంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 350 డాలర్లన్నారు, అది ఎఫ్-1 లెక్క, మనకు 220.

అన్నిటికన్నా కోపం తెప్పించింది, చెప్పాల్సినవి చెప్పకపోవడం. రీసెర్చ్ స్కాలర్‌గా వెళ్లి, ఏడాదికే ప్రోగ్రామ్ ముగించుకుని వచ్చేసినా, మళ్లీ అదే కేటగిరీలో వెళ్లాలంటే 24 నెలలు ఆగాలి. ప్రభుత్వ నిధులతో వెళ్లేవాళ్లకైతే స్వదేశంలో రెండేళ్లు ఉంటే తప్ప లేదా వేవర్ (ఆ నిబంధన నుంచి మినహాయింపు) తెచ్చుకుంటే తప్ప హెచ్-1బీ వర్క్ వీసా, గ్రీన్ కార్డు రావు. ఒక మనిషి కెరీర్‌నే మార్చే విషయాలివి, ఫీజు తీసుకున్నాక ముందే కూర్చోబెట్టి చెప్పాలి కదా!

మాకు ఇవన్నీ ఓపిగ్గా వివరించింది ఆ యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ స్కాలర్స్ ఆఫీసు వాళ్లు, పైసా తీసుకోకుండా. ముందు వాళ్లకే మెయిల్ పెట్టండి. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 మాత్రం ఇక్కడ శ్రద్ధగా నింపారు, అందుకే రెండు స్టార్లు.