సొంత సర్వరా, అద్దె క్లౌడా, రెడీమేడ్ దుకాణమా? ఆన్‌లైన్‌లో అమ్ముకునే చిన్న వ్యాపారికి ఏది మేలు

చీరలు, పచ్చళ్లు, స్వీట్లు ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకునేవాళ్లు ముందు అడిగేది ఖర్చు గురించే. "క్లౌడ్ అంటే నెలనెలా కడుతూనే ఉండాలి కదండీ, ఓ మంచి కంప్యూటర్ కొని మన దగ్గరే పెట్టుకుంటే పోలా?" అంటారు. సర్వర్ అంటే సైట్‌ని రాత్రింబవళ్లు నడిపే కంప్యూటర్. అలాంటి మెషిన్‌ని వేరే కంపెనీ దగ్గర అద్దెకు తీసుకుని ఇంటర్నెట్ ద్వారా వాడుకోవడమే క్లౌడ్. విజయవాడ, గుంటూరు షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు, వెబ్‌సైట్లు పెట్టి చూసుకోవడం నా పని. కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గిరాకీ ఏడాదంతా ఒకేలా ఉండని వ్యాపారానికి సర్వర్ కొనడం దండగ. మెషిన్ అద్దెకే తీసుకోండి. డొమైన్ (సైట్ పేరు), కస్టమర్ల లిస్టు, డేటా కాపీ మాత్రం మీ పేరున, మీ చేతిలో ఉంచుకోండి.

చిన్న వ్యాపారి ముందు నాలుగు దారులున్నాయి. ఆఫీసులోనే సొంత సర్వర్ పెట్టుకోవచ్చు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ (ఏడబ్ల్యూఎస్) లాంటి కంపెనీ దగ్గర మెషిన్ అద్దెకు తీసుకుని, అందులో సైట్ మనమే నడుపుకోవచ్చు. సర్వర్, సాఫ్ట్‌వేర్ వాళ్లే చూసుకునే షాపిఫై లాంటి చోట రెడీమేడ్ దుకాణం తెరవొచ్చు. ఇవేవీ వద్దనుకుంటే అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటి మార్కెట్‌ప్లేసుల్లో సెల్లర్‌గా చేరిపోవచ్చు.

సొంత సర్వర్ ఎక్కడ దెబ్బతింటుందో చూడాలంటే 2014 అక్టోబరు 6 గుర్తుచేసుకోవాలి. ఆ రోజు ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డే పేరుతో మొదటిసారి భారీ ఆఫర్లు పెట్టింది. అప్పట్లో ఆ సైట్ సొంత సర్వర్ల మీదే నడిచేది. దాదాపు 5,000 సర్వర్లు సిద్ధం చేశామని, మామూలు కంటే 20 రెట్ల జనానికి ఏర్పాట్లు చేసుకున్నామని కంపెనీ స్థాపకులు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ తర్వాత చెప్పారు. అయినా చాల్లేదు. పేజీలు తెరుచుకోలేదు, ఆర్డర్లు రద్దయ్యాయి, మర్నాడు ఇద్దరూ కస్టమర్లకు క్షమాపణ మెయిల్ రాయాల్సి వచ్చింది. 2017 ఫిబ్రవరికల్లా ఆ కంపెనీ మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్ అయిన అజూర్‌తో ఒప్పందం చేసుకుంది.

మన దగ్గర చిన్న వ్యాపారాల తీరూ అంతే. పచ్చళ్లవాళ్లకు కొత్త ఆవకాయ వచ్చే వేసవి, ఆ తర్వాత పిల్లలు చదువులకు అమెరికా విమానం ఎక్కే జులై, ఆగస్టు నెలలు. చీరలవాళ్లకు శ్రావణమాసం, దసరా. స్వీట్లవాళ్లకు సంక్రాంతి. మిగతా రోజుల్లో సైట్‌కి వచ్చేది పదుల్లో జనం. ఇంట్లో ఒక్క పెళ్లి కోసం ఎవరూ కల్యాణ మండపం కట్టుకోరు, అద్దెకు తీసుకుంటారు. ఇక్కడా అంతే. 2006లో అమెజాన్ ఎస్3, ఈసీ2 పేర్లతో స్టోరేజీని, మెషిన్లను అద్దెకివ్వడం మొదలుపెట్టాక వ్యాపారాల్లో వచ్చిన అసలు మార్పు ఇదే. పెద్ద కంపెనీ వాడే మెషిన్‌నే పచ్చళ్ల షాపు కూడా నాలుగు రోజులకు తీసుకుని వదిలేయొచ్చు.

అలాగని క్లౌడ్‌లో పెట్టేశాం, ఎంతమంది వచ్చినా అదే చూసుకుంటుందిలే అనుకోకండి. 2019 వరల్డ్ కప్‌లో భారత్, న్యూజిలాండ్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 2.53 కోట్ల మంది చూశారు. ఏడబ్ల్యూఎస్ మీద ఉండి కూడా వాళ్లు మెషిన్లు వాటంతటవే పెరుగుతాయని నమ్ముకోలేదు, అదనపు మెషిన్లను ముందే ఆన్ చేసి పెట్టుకున్నారు. వికెట్ పడగానే జనం వీడియో మూసేసి ఒక్కసారిగా హోమ్ పేజీకి వచ్చిపడతారని, ఆ పేజీ తట్టుకోవాలని కూడా లెక్కేసుకున్నారు. చిన్న సైట్‌కైనా పద్ధతి ఇదే. శనివారం ఆఫర్ పెడుతుంటే గురువారం రాత్రే మెషిన్ సైజు పెంచండి, ఆఫర్ అయిపోయాక సోమవారం తగ్గించండి.

సొంత మెషిన్ ఎప్పుడు నయం?

సొంత మెషిన్ మంచిది కాదని నేననను. ఏడాదంతా ఒకే లోడ్ ఉండి, చూసుకునే మనుషులు ఉంటే క్లౌడే ఎక్కువ ఖర్చు. జనం ఫైళ్లు దాచిపెట్టే డ్రాప్‌బాక్స్ కంపెనీ తన డేటాలో ఎక్కువ భాగాన్ని ఏడబ్ల్యూఎస్ నుంచి సొంత డేటా సెంటర్లకు తెచ్చుకుని రెండేళ్లలో సుమారు 7.5 కోట్ల డాలర్లు మిగుల్చుకుంది. బేస్‌క్యాంప్ అనే ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ తయారుచేసే 37సిగ్నల్స్ కంపెనీకి 2022లో క్లౌడ్ బిల్లు 32 లక్షల డాలర్లు వచ్చింది. ఆ మరుసటి ఏడాది సొంత సర్వర్లు కొనుక్కుని చాలావరకు బయటికి వచ్చేసింది. మన పక్క రాష్ట్రంలోని సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో కూడా సొంత డేటా సెంటర్ల మీదే నడుస్తుంది. వీళ్లందరికీ రాత్రి రెండింటికి డిస్క్ పోతే లేచి మార్చేవాళ్లు ఉన్నారు. షాపులో ఎవరున్నారు?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు నాకు తెలిసిన ఒక హోల్‌సేల్ షాపులోకి నడుములోతు నీళ్లొచ్చాయి. కంప్యూటర్ కౌంటర్ కింద ఉంది. రోజూ బ్యాకప్ తీసే పెన్ డ్రైవ్ అదే కౌంటర్ గల్లా పెట్టెలో ఉంది. రెండూ ఒకే నీళ్లలో రోజుల తరబడి నానాయి. నీళ్లు తీశాక పాత అమ్మకాల బిల్లుల వివరాలు జీఎస్‌టీ పోర్టల్ నుంచి దింపుకోగలిగాం. కానీ ఏ ఊరి షాపు ఎంత బాకీ ఉందన్నది పోర్టల్‌లో ఉండదు. ఆయన ఒక్కో కస్టమర్‌కూ ఫోన్ చేసి, "మీ లెక్క ప్రకారం నాకెంత ఇవ్వాలండీ?" అని అడిగి రాసుకున్నారు. చాలామంది నిజాయితీగానే చెప్పారు. చెప్పనివాళ్ల డబ్బు పోయింది.

అలాగని కౌంటర్ బిల్లింగ్‌ను కూడా మొత్తం క్లౌడ్‌కి ఎక్కించేయమని నేను చెప్పను. ఇంటర్నెట్ పోయినా కౌంటర్ దగ్గర బిల్లు ఆగకూడదు. బిల్లింగ్ షాపు కంప్యూటర్‌లోనే ఉండనివ్వండి, రాత్రికి దాని కాపీ ఒకటి క్లౌడ్‌కి వెళ్లేలా పెట్టించుకోండి. అమెజాన్ ముంబై కేంద్రంలోని ఎస్3 స్టోరేజీలో ఒక జీబీకి నెలకు రెండున్నర సెంట్లు. 10 జీబీ దాచుకుంటే పాతిక రూపాయల చుట్టుపక్కల. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఖాతాల బ్యాకప్ రోజూ భారతదేశంలో ఉన్న సర్వర్‌లోకి వెళ్లాలని 2022 నుంచి నిబంధనే ఉంది.

అద్దె మెషినా, రెడీమేడ్ దుకాణమా?

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. చాలామంది లెక్క తప్పేది కూడా ఇక్కడే.

2 జీబీ మెమరీ ఉన్న చిన్న మెషిన్ నెలకు 1,000 రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. అందులో సైట్ తయారుచేసే వర్డ్‌ప్రెస్, దానికి దుకాణం జోడించే వూకామర్స్ పెట్టుకుంటే సాఫ్ట్‌వేర్ ఉచితం. షాపిఫైలో నెల అద్దె వేరు. పైగా ఆ కంపెనీ సొంత పేమెంట్ సర్వీస్ మన దేశంలో లేదు కాబట్టి, కస్టమర్ల దగ్గర ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే రేజర్‌పే లాంటి గేట్‌వే వాడినప్పుడు బేసిక్ ప్లాన్‌లో అమ్మకం మీద 2 శాతం తీసుకుంటుంది. గేట్‌వే వాళ్ల 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్‌టీ ఏ దారిలోనైనా తప్పవు.

ఆన్‌లైన్ పేమెంట్లు నెలకు 3 లక్షలనుకుందాం. షాపిఫైకి ఆ 2 శాతం కింద 6,000 పోతుంది. "అద్దె మెషిన్ మీద సొంతంగా పెట్టుకుంటే ఈ 6,000 మిగిలేది కదా" అనిపిస్తుంది. కానీ వర్డ్‌ప్రెస్‌కి, దానికి తగిలించే చిన్న ప్రోగ్రాములైన ప్లగిన్లకి అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వేయాలి. వదిలేస్తే ఏదో ఒక పాత ప్లగిన్‌లోని కంత గుండా ఎవడో దూరి, మన పేమెంట్ పేజీ స్థానంలో వాడి పేజీ పెడతాడు. డిస్క్ నిండిపోతే సైట్ ఆగుతుంది. ఇవన్నీ చూసే మనిషికి 6,000 చాలదు. అదే నెలకు 20 లక్షలు అమ్మితే 2 శాతమంటే 40,000. అప్పుడు ఒక కుర్రాడిని పెట్టుకుని విడిగా మెషిన్ అద్దెకు తీసుకోవడంలో అర్థముంది. పై ప్లాన్లలో ఆ శాతం తగ్గి నెల అద్దె పెరుగుతుంది కాబట్టి అమ్మకాలు పెరిగేకొద్దీ ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి. నా మటుకు నేను, ఆన్‌లైన్‌లో నెలకు 10 లక్షలు దాటని షాపుకి రెడీమేడ్ దుకాణమే పెట్టిస్తాను.

అద్దె మెషినే కావాలనుకునేవాళ్లు అకౌంట్ తెరిచిన రోజే రెండు పనులు చేయాలి. మొదటిది, బిల్లు ఇంత దాటితే మెయిల్ వచ్చేలా బడ్జెట్ అలర్ట్. క్లౌడ్ బిల్లులో మెషిన్ అద్దె ఒక్కటే ఉండదు. సైట్ నుంచి బయటికి వెళ్లే డేటాకు జీబీ లెక్కన చార్జీ, 2024 ఫిబ్రవరి నుంచి ఏడబ్ల్యూఎస్‌లో పబ్లిక్ ఐపీ అడ్రస్‌కి (ఇంటర్నెట్‌లో మెషిన్‌కి ఉండే చిరునామా నంబర్) కూడా గంటల లెక్కన చార్జీ. ఒక్కో చీరకు పది పెద్ద ఫొటోలు పెట్టే సైట్‌కి ఆ డేటా చార్జీయే మెషిన్ అద్దెను దాటిపోగలదు. ధరలు డాలర్లలో ఉంటాయి కాబట్టి రూపాయి తగ్గితే బిల్లు పెరుగుతుంది. రెండోది, రీజియన్ ఎంచుకోవడం, అంటే మెషిన్ ఏ ప్రాంతపు డేటా సెంటర్లలో ఉండాలో చెప్పడం. నేర్పించే వీడియోల్లో ఎక్కువగా కనిపించేది అమెరికాలోని నార్త్ వర్జీనియా. మీ కస్టమర్లు ఇక్కడుంటే 2016లో వచ్చిన ముంబైనో, 2022 నవంబరులో వచ్చిన హైదరాబాద్‌నో తీసుకోండి. 2025 అక్టోబరు 20న నార్త్ వర్జీనియా రీజియన్ గంటల తరబడి దెబ్బతిన్నప్పుడు ప్రపంచమంతా యాప్‌లు ఆగిపోయాయి.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల కేంద్రం ప్రకటించాక "ఇక మన బిల్లులు తగ్గుతాయా" అని చాలామంది అడుగుతున్నారు. డేటా సెంటర్ దగ్గరైనంత మాత్రాన అద్దె తగ్గదు. ముంబై నుంచైనా విశాఖ నుంచైనా పేజీ తెరుచుకోవడంలో తేడా కంటికి ఆనదు. ఫొటోల సైజు తగ్గిస్తే వచ్చే వేగం అంతకంటే ఎక్కువ.

మార్కెట్‌ప్లేస్ సంగతి

సరుకు కొత్తది, పేరు ఎవరికీ తెలియదు, రేపటి నుంచే ఆర్డర్లు కావాలి అంటే మార్కెట్‌ప్లేస్‌ని మించింది లేదు. అక్కడ జనం సిద్ధంగా ఉంటారు. ఇబ్బందల్లా కస్టమర్ మీవాడు కాడు. ఫోన్ నంబర్ మీకు నేరుగా కనిపించదు, పార్సిల్‌లో మీ సైట్ పేరు వేసి "ఈసారి ఇక్కడ కొనండి" అని కాగితం పెట్టడం అమెజాన్ నిబంధనలకు విరుద్ధం.

ఇక మీ చేతిలో ఉంచుకోమని మొదట చెప్పిన డొమైన్, కస్టమర్ల లిస్టు, డేటా కాపీల సంగతి. గుంటూరు జిల్లాలో ఒక చేనేత చీరల కుటుంబానికి సైట్ చేసిపెట్టిన కుర్రాడు డొమైన్‌ని తన మెయిల్ మీద కొన్నాడు. రెండేళ్లకు ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్లాడు, నంబర్ మార్చాడు. రెన్యువల్ నోటీసులు అతని పాత మెయిల్‌కి వెళ్తూనే ఉన్నాయి. గడువు దాటింది, ఆ పేరు వేరెవరో కొనేసుకున్నారు. సైట్‌లోని చీరలన్నీ సర్వర్‌లో భద్రంగానే ఉన్నాయి, బిల్లు కూడా కట్టే ఉంది. సంచుల మీద, విజిటింగ్ కార్డుల మీద అచ్చు వేయించిన పేరు కొడితే మాత్రం ఎవరిదో పేజీ వచ్చేది. డొమైన్ యజమాని మెయిల్ మీద, యజమాని ఫోన్‌కి ఓటీపీ వచ్చేలా, ఒకేసారి ఐదేళ్లకు కొనుక్కోవాలి. సైట్ ఎవరు చేసినా అది వాళ్ల పేరున ఉండకూడదు.

డేటా కాపీ విషయానికొస్తే, క్లౌడ్‌లో ఉంది కదా అని ఊరుకున్నవాళ్లకు 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లో ఏమైందో చూడండి. స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడింది. బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉంచినవాళ్లలో కొందరికి డేటా తిరిగి రాలేదు. 2024 మేలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ పెన్షన్ ఫండ్ గూగుల్ క్లౌడ్‌లో నడుపుకుంటున్న వ్యవస్థ అక్కడ జరిగిన పొరపాటు సెట్టింగ్ వల్ల తుడిచిపెట్టుకుపోయింది. వేరే కంపెనీ దగ్గర కూడా కాపీ పెట్టుకుని ఉండటం గట్టెక్కడానికి సాయపడింది. సైట్ ఒక కంపెనీలో ఉంటే కాపీ ఇంకో కంపెనీలో ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

కస్టమర్ల లిస్టు నెలకోసారి దింపుకోండి. రెడీమేడ్ దుకాణాలు సరుకు వివరాలనీ, ఆర్డర్లనీ, కస్టమర్లనీ ఫైల్‌గా ఇస్తాయి. దానికి పాస్‌వర్డ్ పెట్టి దాచండి, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చేశాయి. దశలవారీగా అమలయ్యే వాటి ప్రకారం ఆ ఫోన్ నంబర్లకు బాధ్యులు మీరే. కార్డు నంబర్లు మాత్రం ఎక్కడా రాసుకోకండి. దుకాణాల దగ్గర అవి ఉండకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన 2022 అక్టోబరు నుంచి అమల్లో ఉంది.

ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారడం ఇప్పుడు మునుపటికంటే తేలిక. శాశ్వతంగా ఖాళీ చేసి వెళ్లేవాళ్ల దగ్గర డేటా చార్జీ తీసుకోబోమని 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ మూడూ ప్రకటించాయి. మారేటప్పుడు పోయేది ఎక్కువగా రివ్యూలు, పాత లింకులు. ఎప్పుడో ఎవరికో వాట్సాప్‌లో పంపిన చీర లింకు కొత్త సైట్‌లో తెరుచుకోకపోతే ఆ బేరం అక్కడే పోతుంది. కాబట్టి పాత లింకు నొక్కినా కొత్త పేజీకే వెళ్లేలా అన్నిటికీ రీడైరెక్ట్ పెట్టించి, ఒక నెల రెండూ నడిపి చూశాకే పాత అకౌంట్ మూసేయండి.