ఛాంపియన్స్ కప్ రగ్బీ: ఆటకి ఐదు స్టార్లు, టోర్నీ పద్ధతికి రెండున్నర

యూరప్ క్లబ్ రగ్బీలో అన్నిటికన్నా పెద్దదైన ఛాంపియన్స్ కప్‌ని కొన్నేళ్లుగా డబ్బులు కట్టి చూస్తున్నాను. ఆట నాణ్యత గురించి నాకే ఫిర్యాదూ లేదు. 2023 డబ్లిన్ ఫైనల్లో పన్నెండు నిమిషాలకే 17-0తో వెనకబడిన ఫ్రాన్స్ జట్టు లా రోషెల్, ఐర్లండ్ జట్టు లెన్‌స్టర్‌ని వాళ్ల ఊళ్లోనే 27-26తో ఓడించింది. మరుసటి ఏడు లండన్‌లో ఫ్రాన్స్‌దే అయిన తులూజ్ అదే లెన్‌స్టర్‌ని అదనపు సమయం దాకా లాక్కెళ్లి 31-22తో గెలిచింది. ఇలాంటి ఫైనల్స్ కోసం ఎంతైనా కట్టొచ్చు. కానీ అక్కడికి చేరేలోపు డిసెంబర్, జనవరి నెలల్లో మనకి చూపించే పూల్ దశ (జట్లని గ్రూపులుగా విడగొట్టి ఆడించే మొదటి దశ) ఉంది చూశారూ, నా బాధంతా దాని గురించే.

కొత్తవాళ్ల కోసం ముందు ఆ లెక్క చెబుతాను. మూడు లీగులు: ఫ్రాన్స్ టాప్ 14, ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్, ఐర్లండ్, వేల్స్, స్కాట్లండ్, ఇటలీ, దక్షిణాఫ్రికా జట్లు కలిసి ఆడే యునైటెడ్ రగ్బీ ఛాంపియన్‌షిప్. ఒక్కో లీగ్ నుంచి ఎనిమిదేసి, మొత్తం 24 జట్లు. ఆరు జట్లకో పూల్ చొప్పున నాలుగు పూల్స్. సొంత లీగ్ జట్టుతో ఆడరు కాబట్టి ఒక్కొక్కరికి నాలుగు మ్యాచ్‌లే, ఎవరితోనైనా ఒక్కసారే. ప్రతి పూల్‌లో మొదటి నాలుగు జట్లు ప్రీక్వార్టర్స్‌కి వెళ్తాయి. ఐదో జట్టుకి కూడా దారి ఉంది, అది కింది టోర్నీ అయిన ఛాలెంజ్ కప్ నాకౌట్‌లో చేరుతుంది.

అంటే 48 మ్యాచ్‌లు ఆడించి యూరప్ నుంచి పూర్తిగా ఇంటికి పంపేది నాలుగే జట్లని. ఒక్క గెలుపు, రెండు మూడు బోనస్ పాయింట్లు (స్వల్ప తేడాతో ఓడినా, ఎక్కువసార్లు బంతిని గీత దాటించినా వచ్చే అదనపు పాయింట్లు) ఉంటే నాకౌట్‌కి చేరే అవకాశం ఉంటుంది. మొదటి రెండు మ్యాచ్‌లు గెలిచిన జట్టు మూడోదానికి కుర్రాళ్లని పంపిస్తే తప్పు పట్టలేం, వాళ్లకి పోయేది పెద్దగా ఏమీ లేదు. ఇంగ్లండ్ సంగతి మరీ విచిత్రం. అక్కడ లీగ్‌లో ఉన్నవే పది జట్లు, అందులో ఎనిమిదికి ఇక్కడ చోటు.

ఇది ఎప్పుడూ ఇలా లేదు. హైనెకెన్ కప్ పేరుతో నడిచిన రోజుల్లో 24 జట్లే, కానీ నాలుగేసి జట్లతో ఆరు పూల్స్. ప్రతి ప్రత్యర్థితో ఇంటా బయటా రెండుసార్లు ఆడాలి. పూల్ విజేతలు ఆరుగురు, రెండో స్థానాల్లో మెరుగైన ఇద్దరు, అంతే, నేరుగా క్వార్టర్‌ఫైనల్స్. ఆ పద్ధతి ఎంత బిగువుగా ఉండేదో తెలియాలంటే 2003 జనవరి 18న ఐర్లండ్‌లోని లిమరిక్‌లో అక్కడి మన్‌స్టర్, ఇంగ్లండ్ జట్టు గ్లోస్టర్ ఆడిన మ్యాచ్ చూడండి. గ్లోస్టర్ మైదానంలో ఆడిన మొదటి మ్యాచ్‌లో మన్‌స్టర్ ఓడింది. ముందుకి వెళ్లాలంటే ఈసారి గెలిస్తే చాలదు, నాలుగు ట్రైలు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకి ఆనించడం) చేసి 27 పాయింట్ల తేడాతో గెలవాలి. చివరి నిమిషాల్లో జాన్ కెల్లీ నాలుగో ట్రై, రోనన్ ఓగారా కన్వర్షన్ (ట్రై తర్వాత దొరికే గోల్ కిక్), స్కోరు 33-6. సరిగ్గా 27. అది నాకౌట్ కూడా కాదు, పూల్ మ్యాచ్! ఇప్పటి పద్ధతిలో ఆ రోజు రాదు. రిటర్న్ మ్యాచ్ లేదు, తీర్చుకోవాల్సిన బాకీ లేదు, రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య చావోరేవో అన్నంత తేడా లేదు.

దక్షిణార్ధగోళం క్లబ్ టోర్నీ సూపర్ రగ్బీ వాళ్లు ఇంకో రకంగా దెబ్బతిన్నారు. 18 జట్లకి పెంచి, దేశాలవారీగా కాన్ఫరెన్సులు (గ్రూపులు) పెట్టారు. 2017లో 34 పాయింట్లే ఉన్నా తమ కాన్ఫరెన్స్‌లో మొదట నిలిచినందుకు బ్రంబీస్ సొంతగడ్డ మీద క్వార్టర్‌ఫైనల్ ఆడితే, 58 పాయింట్లున్న హరికేన్స్ విమానం ఎక్కి వాళ్ల దగ్గరికి వెళ్లాల్సొచ్చింది. హరికేన్సే గెలిచారు, అది వేరే విషయం. మరుసటి సీజన్‌కి మూడు జట్లని తీసేశారు. 2025లో అక్కడే టాప్ సీడ్ చీఫ్స్ మొదటి నాకౌట్‌లో బ్లూస్ చేతిలో ఓడి, 'లక్కీ లూజర్' నిబంధనతో (ఓడినవాళ్లలో మెరుగైన జట్టుకి మరో అవకాశం) ఏకంగా ఫైనల్ దాకా వెళ్లారు. నాకిది అస్సలు మింగుడుపడలేదు. నాకౌట్‌లో ఓడితే ఇంటికెళ్లాలి.

ప్రయాణాల సంగతి ఛాంపియన్స్ కప్‌లో ఇంకా తేలలేదు. దక్షిణాఫ్రికా జట్లు 2022-23లో చేరాయి, వాళ్లు ఉండాలనే నా కోరిక. కానీ 2024 ఏప్రిల్‌లో ఏం జరిగిందో చూడండి. లా రోషెల్ కేప్‌టౌన్ వెళ్లి స్టార్మర్స్‌ని 22-21తో ఓడించి, వారం తిరిగేసరికి డబ్లిన్‌లో లెన్‌స్టర్ చేతిలో 40-13తో చిత్తయింది. అదే వారాంతం బుల్స్ ప్రిటోరియా నుంచి ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌కి రెండో శ్రేణి జట్టుని పంపి 59-22తో ఓడిపోయారు. అది క్వార్టర్‌ఫైనల్! టికెట్ కొన్నవాళ్లకి అది న్యాయమా? బుల్స్‌ని తిట్టి లాభం లేదు, క్యాలెండర్ రాసినవాళ్లని అడగాలి.

నన్నడిగితే 16 జట్లు చాలు. లీగ్‌కి ఐదు, పదహారో చోటు ఛాలెంజ్ కప్ విజేతకి. నాలుగేసి జట్లతో నాలుగు పూల్స్, ఇంటా బయటా ఆరు మ్యాచ్‌లు, మొదటి రెండు జట్లు క్వార్టర్స్‌కి. లెక్క వేస్తే పూల్ మ్యాచ్‌లు ఇప్పటిలాగే 48. వారాంతాలు ఎనిమిదికి బదులు తొమ్మిది, అంటే ఒక్కటే ఎక్కువ. ప్రతి క్లబ్‌కీ సొంత మైదానంలో రెండు కాదు, మూడు మ్యాచ్‌లు ఖాయం. దక్షిణాఫ్రికా జట్టు ఉత్తరానికి వస్తే వరసగా రెండు వారాలు ఉండి రెండు మ్యాచ్‌లు ముగించుకుని వెళ్లాలి. నాకౌట్‌లో ఖండాలు దాటాల్సి వస్తే మధ్యలో ఒక వారం ఖాళీ ఇచ్చి తీరాలి. చోటు పోయే ఎనిమిది క్లబ్బులకి టికెట్ డబ్బు నష్టమే, కాదనను. వాళ్లు ఛాలెంజ్ కప్‌లోకి వస్తే ఆ టోర్నీకి బలం వస్తుంది, టీవీ ఆదాయంలో వాటా కూడా ఆ మేరకు అటు మళ్లించాలి.

అప్పటిదాకా కొత్తవాళ్లకి నా సలహా: నెలవారీ ప్లాన్ దొరికితే ఏప్రిల్, మే నెలలకి తీసుకోండి, ప్రీక్వార్టర్స్ నుంచి ఫైనల్ దాకా వచ్చేస్తాయి. పూల్ దశ కూడా చూడాలనుకుంటే జనవరిలో ఆఖరి రౌండ్‌కి ముందు పట్టిక తెరిచి, నాలుగో స్థానం కోసం కొట్టుకుంటున్న రెండు జట్లు ఎదురెదురుగా ఉన్నాయేమో వెతకండి. ఉంటే ఆ మ్యాచ్ వదలొద్దు.