జాగ్రత్త: మెష్ వైఫై కొనే ముందు పోర్టు చూడండి, మీ ఇంటి స్లాబు చూడండి

ఇంట్లో వైఫై అందక మెష్ సెట్ (అక్కడక్కడా డబ్బాలు పెడితే ఒకదాని నుంచి ఒకటి నెట్ అందుకుని ఇల్లంతా వైఫై పంచే సెట్) కొనాలనుకుంటున్నవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. గత వేసవిలో నేను రూ. 8,499 పెట్టి మూడు డబ్బాల సెట్ కొన్నాను. ఆ డబ్బు మళ్లీ నా ఖాతాలో పడటానికి నలభై ఒక్క రోజులు పట్టింది. మధ్యలో నెట్ తెగి లాగిన్ నిలవక రెండు రోజుల జీతం పోయింది. నాలా ఇంకొకరు నష్టపోకూడదని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మాది తెనాలి. కింద ఒక పోర్షన్, మేడ మీద ఒక పోర్షన్, ఆపైన డాబా మీద ఒక గది. ఫైబర్ లైను కింద హాల్లోకి వచ్చింది, 200 ఎంబీపీఎస్ ప్లాన్. నేను ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ చేస్తాను. కింద టీవీ చప్పుడు, వచ్చేపోయేవాళ్లు, అత్తయ్యగారి ఫోను. అందుకని డాబా మీద గదిలో కూర్చుంటాను. మేడ మీద మా అబ్బాయి గది, వాడికి ఇంటర్ ఆన్‌లైన్ క్లాసులుంటాయి. హాల్లో ఉన్న రౌటర్ సిగ్నల్ నా గదికి ఒకే ఒక్క గీత వచ్చేది. ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ గంటకు నాలుగుసార్లు తెగేది. ప్రతిసారీ పాస్‌వర్డ్, ఓటీపీ మొదటి నుంచి.

డాలస్‌లో ఉండే మా అక్కకి ఫోన్లో చెబితే, "మెష్ పెట్టించుకోవే, మా ఇంట్లో గరాజ్‌లో కూడా ఫుల్ సిగ్నల్" అంది. అక్క అబద్ధం చెప్పలేదు. కాకపోతే వాళ్ల ఇంటి గోడలు చెక్క ఫ్రేముకి రెండు వైపులా జిప్సం బోర్డు కొట్టినవి. మా ఇంటివి ఇటుక గోడలు, బయటివైతే తొమ్మిది అంగుళాలు. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య కాంక్రీటు స్లాబు, దాని నిండా ఇనుప చువ్వలు. మామూలు వైఫై రౌటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల సిగ్నళ్లు పంపుతుంది. వాటిలో వేగంగా పోయేది 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్. జిప్సం బోర్డులోంచి అది సులువుగా దూరిపోతుంది, స్లాబు దగ్గరికొచ్చేసరికి నీరసపడిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త మెరుగ్గా దాటుతుంది కానీ దాని వేగం తక్కువ, పైగా చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ అక్కడే గుమిగూడి ఉంటాయి. ఈ తేడా నాకు కొన్న తర్వాతే తెలిసింది.

ఆన్‌లైన్‌లో వెతికితే నా బడ్జెట్‌కి సరిపోయేది ఒకటి దొరికింది. పెద్ద అక్షరాలతో "1200 ఎంబీపీఎస్", "6,000 చదరపు అడుగుల కవరేజీ", "గిగాబిట్ ప్లాన్లకు సరిపోతుంది" అని ఉంది. గిగాబిట్ అంటే 1000 ఎంబీపీఎస్. మా ఇల్లు మూడు చోట్లా కలిపినా 2,400 అడుగులు దాటదు కదా, మిగులుతుంది అనుకున్నాను. రేటింగ్ కూడా బాగుంది. ఆ రివ్యూలను ఇప్పుడు మళ్లీ చదివితే సగం "ప్యాకింగ్ బాగుంది, డెలివరీ త్వరగా వచ్చింది" అనేవే. ఒంటి డబ్బా కొన్నవాళ్లవీ, మూడు డబ్బాలు కొన్నవాళ్లవీ, వేరే మోడల్ కొన్నవాళ్లవీ ఒకే పేజీలో కలిపేశారు. కొనే ముందు ఆ పేజీ ఫొటో తీసి "ఇదేనా" అని అక్కకి వాట్సాప్‌లో పంపాను. ఆ ఫొటోనే చివరికి నన్ను కాపాడింది.

గురువారం డెలివరీ వచ్చింది. హాల్లో ఒకటి, అబ్బాయి గదిలో ఒకటి, నా గదిలో ఒకటి పెట్టాను. యాప్‌లో మూడింటికీ పచ్చ లైటు, "కనెక్షన్ చాలా బాగుంది" అని. ఫోన్లో సిగ్నల్ నిండుగా ఉంది. సంతోషంగా స్పీడ్ టెస్ట్ చేశాను. మొదటి డబ్బా పక్కనే కూర్చుంటే 94. మేడ మీద 38. నా గదిలో 9, ఒక్కోసారి 11. సిగ్నల్ మాత్రం అన్ని చోట్లా నిండుగానే ఉంది!

హాల్లోనే 94 ఏమిటి, కట్టేది 200కి కదా అని ముందు నెట్ అతని మీద అనుమానపడ్డాను. మర్నాడు పిలిస్తే పాపం ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ఫైబర్ డబ్బాకి నేరుగా లాన్ వైరు పెడితే 196 వచ్చింది. అదే వైరు మెష్ డబ్బా పోర్టుకి, అంటే వైరు గుచ్చే చోటికి పెట్టి, తెర మీద లింక్ స్పీడ్ (ఆ వైరు మీద కుదిరిన గరిష్ఠ వేగం) చూపించాడు. 100 అని ఉంది. "అక్కా, మన లైనులో తేడా లేదు. ఈ పోర్టు వందకి మించి పట్టదు. మీరు 500 ప్లాన్ వేయించుకున్నా ఇంతే" అన్నాడు. అట్టపెట్టె వెనక వెతికితే, చీమ తల అంత అక్షరాల్లో "10/100" అని దొరికింది. 1200 అని ముందు వైపు అచ్చేసిన సరుకులోకి నెట్ వచ్చే దారే వంద దగ్గర మూసుకుపోయి ఉంది.

మరి 1200 అంటే ఏమిటి? 2.4 గిగాహెర్ట్జ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867, రెండూ కూడి గుండ్రంగా 1200 చేస్తారు. మన ఫోను ఒకసారికి వాటిలో ఒకదానికే తగులుకుంటుంది కాబట్టి ఆ 1200 ఏ ఫోనుకీ రాదు. ఆ 867 కూడా గాలిలో కాగితం మీది వేగం. పక్కనే కూర్చున్నా అందులో సగానికి కాస్త పైన వస్తే గొప్ప. కవరేజీ అడుగులూ అంతే. గోడలూ స్లాబులూ అడ్డంలేని చోటి లెక్క అది, మన ఇళ్లకు అతకదు.

నా గదిలో 9కి పడిపోవడానికి కారణం ఇంకొకటి. ఇల్లు కట్టేచోట కూలీలు వరసగా నిలబడి ఇటుకలు అందించుకోవడం చూసే ఉంటారు. మధ్యలో ఉన్న మనిషి ఒక వైపు అందుకోవాలి, రెండో వైపు తిరిగి ఇవ్వాలి. రెండు పనులూ ఒకేసారి చేయలేడు. మెష్‌లో మధ్య డబ్బా పనీ అదే. చవక సెట్లలో 5 గిగాహెర్ట్జ్‌కి ఒకే రేడియో (సిగ్నల్ పంపి, అందుకునే భాగం) ఉంటుంది. కింది డబ్బా నుంచి తీసుకోవడానికీ అదే, మన ఫోనుకి ఇవ్వడానికీ అదే. అక్కడే వేగం సగమవుతుంది. ఇంకో డబ్బా దాటితే అందులో సగం. దానికి తోడు డబ్బా డబ్బాకీ మధ్య ఒక్కో స్లాబు. డబ్బాల మధ్య ఉండే ఈ దారినే బ్యాక్‌హాల్ అంటారు. మెష్ బాగా పనిచేస్తుందా లేదా అన్నది ముఖ్యంగా దీని మీదే ఆధారపడి ఉంటుంది. పెట్టె మీద దీని గురించి ఒక్క ముక్క ఉండదు. యాప్‌లో పచ్చ లైటుకి అర్థం డబ్బాలు ఒకదానికొకటి కనపడుతున్నాయని, అంతే. ఎంత నెట్ మోస్తున్నాయో అది చెప్పదు.

నా వైపు తప్పు కూడా చెప్పాలి. మూడో డబ్బాని సిగ్నల్ చచ్చిపోయిన గదిలోనే పెట్టాను. సిగ్నల్ ఇంకా బతికి ఉన్న చోట, అంటే సగం దారిలో పెట్టాలట. తర్వాత మెట్ల దగ్గరికి మార్చి చూశాను. 9 కాస్తా 17 అయింది. ఆఫీసు పనికి అదీ చాలలేదు.

అసలు నరకం కస్టమర్ కేర్‌తో మొదలైంది. తిరిగి ఇవ్వడానికి గడువు ఏడు రోజులు. శనివారం ఫోన్ చేశాను. టికెట్ నంబరిచ్చి 48 గంటల్లో టెక్నికల్ టీమ్ పిలుస్తుందన్నారు. సోమవారం పిలిచి రీసెట్ చేయమన్నారు, చేశాను. యాప్ స్క్రీన్‌షాట్ పంపమన్నారు, పంపాను. "మేడం, అన్నీ గ్రీన్‌లో ఉన్నాయి, ప్రొడక్ట్‌లో లోపం లేదు" అన్నారు. గట్టిగా అడిగితే ఆరో రోజు రీప్లేస్‌మెంట్ ఇస్తామన్నారు. కొత్తది వస్తే బాగుంటుందేమోనని సరే అనేశాను. పెద్ద పొరపాటు. పదో రోజు ఇంకో సెట్ వచ్చింది, అచ్చంగా అదే మోడల్, అవే అంకెలు. ఇక డబ్బు వెనక్కి అడిగితే, "ఒకసారి రీప్లేస్ అయ్యాక రిటర్న్ ఉండదు, గడువు కూడా అయిపోయింది" అన్నారు. ఆ ఫోన్ పెట్టేశాక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడు రోజులూ వాళ్లు చెప్పిందల్లా చేస్తూ గడిపేశాను, గడువు వాళ్ల చేతుల్లోనే కరిగిపోయింది.

మీకు ఇలా అయితే రీప్లేస్‌మెంట్‌కి ఒప్పుకోకండి. డబ్బా పాడైతే కొత్త డబ్బా బాగు చేస్తుంది, మోడలే అంత అయితే కొత్తది ఏం చేస్తుంది? రిటర్న్ కారణం దగ్గర "వివరణలో చెప్పినట్టు లేదు" అన్నదే ఎంచుకోండి. ఫోన్లో మాట్లాడిన ప్రతిదీ వెంటనే మెయిల్‌లో లేదా చాట్‌లో కూడా రాసి ఉంచండి.

నేను పన్నెండో రోజు ఆ సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు సరుకులో లేకపోతే అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోనని అనకూడదని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. మెయిల్ అందిందని జవాబు వచ్చింది, ఆపైన కదలిక లేదు. ఈలోగా ఆ పేజీలో "గిగాబిట్ ప్లాన్లకు సరిపోతుంది" అన్న మాట తీసేశారు! అక్కకి పంపిన ఫొటోలో మాత్రం అది స్పష్టంగా ఉంది, తేదీతో సహా. ఇరవయ్యో రోజు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. బిల్లు, ఆ ఫొటో, పెట్టె వెనక "10/100" ఫొటో, స్పీడ్ టెస్టులు అన్నీ జతచేసి ఫిర్యాదు నమోదు చేశాను. తర్వాత అమ్మినవాళ్ల గొంతు మారింది. రెండో సెట్ తీసుకెళ్లారు, నలభై ఒకటో రోజు పూర్తి డబ్బు పడింది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లేదాన్ని. అయిదు లక్షల లోపు వస్తువుకి అక్కడ ఫీజు కూడా లేదు.

ఇప్పుడు నా గదిలో 190 వస్తోంది. ఎలా అంటే, ఆ నెట్ అతనే హాల్లోంచి బయటి గోడ వెంట పీవీసీ పైపులో క్యాట్ 6 రకం లాన్ కేబుల్ లాగి డాబా గదిలోకి తెచ్చాడు. కేబుల్, పైపు, చివర్లు క్రింప్ చేయడం, కూలీ కలిపి రూ. 1,900. చివర గిగాబిట్ పోర్టులున్న మామూలు రౌటర్ ఒకటి పెట్టి యాక్సెస్ పాయింట్ మోడ్‌లో వేశాడు, అంటే వైరులో వచ్చిన నెట్‌ని అది వైఫైగా పంచుతుంది. కింద ఏ వైఫై పేరు, పాస్‌వర్డ్ ఉన్నాయో పైనా అవే. మా అబ్బాయి పాత రౌటర్ కూడా అలాగే మేడ మీద వాడుతున్నాం. కేబుల్ వేయించేవాళ్లకు ఒక మాట: పూర్తి రాగిది అడగండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చవకగా అంటగడతారు, అది నాలుగు రోజుల్లోనే సతాయిస్తుంది. ఎండ తగిలే చోటైతే బయట వాడే నల్ల తొడుగుదే వేయించండి. వంద మీటర్ల దాకా వేగం తగ్గకుండా వెళ్తుంది, మన ఇళ్లకు ముప్పై మీటర్లు దాటదు.

మెష్ అసలు కొనవద్దని నేను చెప్పడం లేదు. కొత్తగా ఇల్లు కట్టుకున్నప్పుడే గోడల్లో లాన్ పైపులు వేయించినవాళ్లకు, డబ్బాలను వైరుతో కలుపుకోగలిగితే, అది చక్కగా పనిచేస్తుంది. వైరు లాగడం కుదరని అద్దె ఇల్లైతే, డబ్బాల మధ్య మాట్లాడుకోవడానికి విడిగా మూడో రేడియో ఉన్న ట్రై-బ్యాండ్ సెట్ చూడండి, ధర ఎక్కువైనా సరే. అపార్ట్‌మెంట్‌లో ఒకే అంతస్తు ఫ్లాటైతే ముందు రౌటర్ స్థలం మార్చి చూడండి. ఫైబర్ వేసినవాళ్లు వీధి గుమ్మం పక్కనే, చెప్పుల స్టాండ్ మీద బిగించి వెళ్లిపోతారు. ఇంటి మధ్యకి జరిపితే చాలా ఇళ్లలో ఖర్చు లేకుండానే తీరిపోతుంది.

కరెంటు సంగతి కూడా ఆలోచించుకోండి. మెష్‌లో ప్రతి డబ్బాకీ కరెంటు కావాలి. మా మేడ మీద ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో లేదు. కరెంటు పోతే మధ్య డబ్బా ఆరిపోయేది, దాని మీద ఆధారపడిన నా గది డబ్బా ఇన్వర్టర్ మీద వెలుగుతూ ఉన్నా నెట్ ఉండేది కాదు.

ఏ మోడలైనా ఆర్డర్ పెట్టే ముందు అమ్మేవాళ్లను రాతపూర్వకంగా రెండే అడగండి: పోర్టులు 10/100నా, గిగాబిట్టా? డబ్బాల మధ్య దారికి విడిగా రేడియో ఉందా? సూటిగా జవాబు రాకపోతే కొనకండి. ఆ పేజీ మొత్తం ఫొటోలు తీసి పెట్టుకోండి. వచ్చిన రోజే ప్రతి గదిలో స్పీడ్ టెస్ట్ చేసి అవీ దాచండి.

ఇప్పటికే కొని ఇంకా గడువు ఉన్నవాళ్లు ఇవాళే మెష్ డబ్బా పోర్టు నుంచి ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి లింక్ స్పీడ్ చూడండి. 100 చూపిస్తే ముందు వైరు మార్చి ఒకసారి చూడండి, పాత వైరైనా అలా చూపిస్తుంది. అప్పటికీ 100 అయితే ఈ రాత్రికే రిటర్న్ పెట్టేయండి. మీ ఇల్లు ఎన్ని అంతస్తులో, ఏ గదిలో ఎంత వస్తోందో రాస్తే నాకు తెలిసినంత వరకు చెప్తాను.