జెన్నీ ఉన్న ఇల్లు, డోర్న్ నడిపిన సత్రం

జంతువుల్ని ప్రాణాలతో పెంచుకుంటూ పరిశోధన చేయడానికి పేరుపడ్డ చోట్లు చూద్దామని లండన్, ప్యారిస్, నేపుల్స్ తిరిగొచ్చాం. మా ఆవిడకి జూలంటే పడదు. నేను లాక్కెళ్తే వచ్చింది.

లండన్ జూకి కామ్డెన్ టౌన్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. 1828లో తెరిచినప్పుడు ఇది జులాజికల్ సొసైటీ సభ్యుల కోసం. మామూలు జనాన్ని 1847 నుంచే రానిచ్చారు. మేం నేరుగా జిరాఫీల ఇంటికి పోయాం. 1830ల్లో కట్టిన ఆ భవనంలో ఇప్పటికీ జిరాఫీలే ఉంటున్నాయి. నేను వెళ్లింది మాత్రం జెన్నీ కోసం. జెన్నీ ఒక ఒరాంగుటాన్. వెచ్చగా ఉంటుందని దాన్ని అక్కడే ఉంచారు. 1838లో డార్విన్ వచ్చి చూశాడు. కాపలా మనిషి యాపిల్ చూపించి ఇవ్వకపోతే, అది వెల్లకిలా పడి కాళ్లు తన్నుకుంటూ అచ్చం పెంకి పిల్లలా ఏడ్చిందని అక్కకి ఉత్తరం రాశాడు. జాతుల పుట్టుక మీద ఆయన పుస్తకం రావడానికి అప్పటికింకా 21 ఏళ్లుంది.

పిల్లలతో వెళ్తే ఇక్కడ రోజంతా గడిచిపోతుంది. చరిత్ర కోసమే అయితే మూడు గంటలు చాలు. టికెట్ కాస్త బరువే, ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి.

ప్యారిస్‌కి రైల్లో రెండుంబావు గంటలు. దెబ్బతిన్నది బస దగ్గరే. లిఫ్ట్ ఉందని రాశారు, నిజమే, మూడో అంతస్తు దాకా ఉంది. మా గది ఐదో అంతస్తులో. పెట్టెలు మోసుకుంటూ ఎక్కుతుంటే మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. దాంతో నాకు ఇంకా టెన్షన్.

జార్దాన్ దే ప్లాంత్ తోటలోకి ఉచితం, లోపలి మెనాజరీకి, అంటే పాతకాలపు జూకి, టికెట్. వెర్సాయ్‌లో రాజుగారి ముచ్చటకి పెంచిన జంతువుల్లో విప్లవం తర్వాత మిగిలినవాటిని 1794లో ఇక్కడికి తెచ్చి, మ్యూజియం శాస్త్రవేత్తలకి అప్పగించారు. నాకు నచ్చిన కథ ఆక్సోలాటులది. చూడ్డానికి బల్లిలా ఉండి, మొప్పలతో నీళ్లలో బతికే ఉభయచరాలవి. 1864లో మెక్సికో నుంచి ప్యారిస్ వచ్చిన 34లో ఆరు ఇక్కడి జంతు శాస్త్రవేత్త ఓగుస్త్ డ్యుమెరిల్ చేతికొచ్చాయి. మరుసటి ఏడు అవి పిల్లల్ని పెట్టాయి. పెద్దవి మొప్పలతో నీళ్లలోనే ఉండిపోతే, పిల్లల్లో కొన్ని మొప్పలు పోగొట్టుకుని, నేల మీద తిరిగే సాలమాండర్లయ్యాయి! ఆ సంతతినే డ్యుమెరిల్ యూరప్‌లోని ప్రయోగశాలలకి పంచిపెట్టాడు. చోటు చిన్నది, పాత కట్టడాలు, తొక్కిడి లేదు. లండన్ కంటే నాకిదే నచ్చింది.

నేపుల్స్‌లో సముద్రం పక్కనే, విల్లా కమునాలే తోటలో, జర్మన్ జంతు శాస్త్రవేత్త ఆంటన్ డోర్న్ 1872లో మొదలుపెట్టిన కేంద్రం ఉంది. జనానికి అక్వేరియం, శాస్త్రవేత్తలకి ప్రయోగశాలలు. టికెట్ డబ్బుతో పరిశోధన నడపాలనుకున్నాడు, అది చాలలేదు. అందుకని బల్లలు అద్దెకిచ్చాడు. ఏ దేశమో విశ్వవిద్యాలయమో ఏడాదికింతని కడితే, వాళ్లు పంపినవాళ్లకి పని బల్ల, రసాయనాలు, గ్రంథాలయం, కావలసిన సముద్రజీవులు, అన్నీ సిద్ధం. ఒకరకంగా సత్రమే, భోజనానికి బదులు సీ అర్చిన్లు పెడతారు. ఆక్టోపస్‌ల జ్ఞాపకశక్తి మీద బ్రిటిష్ జంతు శాస్త్రవేత్త జె.జెడ్. యంగ్ ఏళ్ల తరబడి పనిచేసింది ఇక్కడే.

అక్వేరియం పెద్దదేం కాదు, గంటలో అయిపోతుంది. మా ఆవిడ మాత్రం ఆక్టోపస్ తొట్టి దగ్గర నిలబడి కదల్లేదు. మర్నాడు పొద్దున్నే మళ్లీ టికెట్లు కొన్నది ఆవిడే.