నడకకు ఇంగ్లీషులో ఏ మాట మేలు?

బరంపురంలో, పర్లాకిమిడిలో, రాయగడలో తెలుగువాళ్ల ఇంగ్లీషు వినండి. ‘ఐ కేమ్ బై వాక్’ అన్న మాట బాగా చదువుకున్నవాళ్ల నోట కూడా వస్తుంది. బై బస్, బై ట్రైన్ ఉన్నాయి కాబట్టి బై వాక్ కూడా ఉంటుందనుకోవడం సహజమే. కానీ ఇంగ్లీషులో అది లేదు. ‘ఐ వాక్డ్’ అనాలి, లేదా ‘ఐ కేమ్ ఆన్ ఫుట్’ అనాలి. మామూలుగా మొదటిదే మేలు. బండి దొరకలేదనో, ఆటో ఎక్కలేదనో ప్రత్యేకంగా చెప్పాల్సినప్పుడు ఆన్ ఫుట్ బాగుంటుంది. అలాగే పొద్దున్నే ‘వెంట్ ఫర్ వాకింగ్’ కాదు, ‘వెంట్ ఫర్ ఎ వాక్’. ఈ రెండూ సరిచేసుకున్నాక మిగతా మాటల జోలికి వెళ్లడం మంచిది.

పిల్లల వ్యాసాల్లో ఎక్కువగా కనిపించేది ‘వాక్డ్ స్లోలీ’. తప్పేమీ లేదు, కానీ వేగం ఎంతో తెలుస్తుందే తప్ప ఆ మనిషి ఎందుకు మెల్లగా నడుస్తున్నాడో తెలియదు. తీరిగ్గా ఉన్నాడా, అలిసిపోయాడా, కాలికి దెబ్బ తగిలిందా, వయసు మీద పడిందా, చప్పుడు కాకూడదనుకుంటున్నాడా? ఒక్కో కారణానికి ఇంగ్లీషులో ఒక్కో మాట ఉంది. అందుకే మాట వెతికేటప్పుడు ‘ఎంత వేగంగా’ అని కాదు, ‘ఎందుకలా నడుస్తున్నాడు, పాదం ఎలా పడుతోంది’ అని అడగాలి.

గోపాల్‌పూర్ బీచ్‌లో సాయంత్రం పూట ఈ తేడా కళ్లముందే కనిపిస్తుంది. అల వచ్చి వెళ్లిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది. దానిమీద కబుర్లు చెప్పుకుంటూ సాగే నడక స్ట్రోల్, మన షికారు. అదే మనుషులు తిరిగి రోడ్డెక్కడానికి పొడి ఇసుకలో పడ్డారనుకోండి, అడుగు వేసినప్పుడల్లా పాదం దిగబడుతుంది, మళ్లీ పైకి లాగాలి, పిక్కలు పట్టేస్తాయి. అది ట్రజ్. మనిషీ మారలేదు, బీచ్ కూడా అదే, ఇరవై అడుగుల దూరంలో మాట మారింది. నీళ్లలోకి దిగి చీలమండ దాకానో, మోకాలి దాకానో తడుస్తూ నడిస్తే వేడ్. గుణుపురం దగ్గర వేసవిలో వంశధార నీరు తగ్గినచోట నడిచి దాటడానికి కూడా ఇదే సరైన మాట. నదిని ‘వాక్డ్ అక్రాస్’ అని రాస్తే చదివేవాడు వంతెన మీదుగా అనుకుంటాడు. కాళ్లు నేలకు అందనంత లోతైతే ఇక వేడ్ చెల్లదు, అది ఈతే.

తీరికగా నడిచే మాటల్లో స్ట్రోల్, సాంటర్, ఆంబుల్, వాండర్ అని నాలుగు ఎదురవుతాయి. వ్యాసానికైనా ఉత్తరానికైనా స్ట్రోల్ అన్నిటికన్నా నమ్మకమైనది. అందులో మంచీ చెడూ ఏ రంగూ ఉండదు. సాంటర్‌లో కాస్త నిర్లక్ష్యం కలుస్తుంది. పరీక్ష పదింటికైతే పదీ పావుకి చేతులూపుకుంటూ హాల్లోకి వచ్చేవాడు సాంటర్ చేస్తాడు. మీ నాన్నగారు గుడి నుంచి తిరిగొస్తున్నారని చెప్పడానికి ఆ మాట వాడితే మర్యాదగా ఉండదు. ఆంబుల్ అసలు గుర్రం నడక, ఒక పక్క కాళ్లు రెండూ కలిసి కదిలే మెత్తని నడక. మనుషులకు వాడినా ఆ హడావుడి లేని తూగు అందులో మిగిలింది. వాండర్‌కి గమ్యం ఉండదు. దీన్ని రాసేటప్పుడు డబ్ల్యూ తర్వాత ‘ఏ’ రావాలి. ‘ఓ’ పెడితే అది వండర్, అంటే ఆశ్చర్యపోవడం. పలకడంలో కూడా ఒకటి వాండర్, ఇంకొకటి వండర్. స్పెల్ చెక్ ఈ తప్పును చాలాసార్లు పట్టుకోదు, ఎందుకంటే రెండూ సరైన మాటలే.

అలసట దగ్గర మనవాళ్లు బాగా తికమకపడతారు. తెలుగులో ‘కాళ్లీడ్చుకుంటూ’ అంటే సరిపోయేది, ఇంగ్లీషులో రెండు మూడుగా విడిపోతుంది. పాదం లేస్తోందా లేదా చూడండి. లేస్తోంది గానీ బరువుగా లేస్తోందంటే ట్రజ్. అరికాలు నేలను వదలకుండా చెప్పులు రాసుకుంటూ పోతుంటే షఫుల్: రేషన్ క్యూలో ముందుకు జరగడం, ఆసుపత్రి వరండాలో రోగి కదలడం. మూడోది ప్లాడ్. అందులో అలసట కన్నా పట్టుదల ఎక్కువ, ఒకే వేగంతో ఆగకుండా పోవడం. నడకకే కాదు, పనికీ చదువుకీ కూడా వాడతారు. మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తు. శివరాత్రికి భక్తులు కొండెక్కుతారు. ఆ ప్రయాణం మొత్తాన్ని ట్రెక్ అనవచ్చు. చివరి ఏటవాలులో ఊపిరాడక వేసే అడుగులు ట్రజ్. వెనకాల పెద్దాయన ఎక్కడా ఆగకుండా ఒకే తీరున వస్తుంటే ఆయనది ప్లాడ్. ఇక ట్రెక్‌కీ హైక్‌కీ మధ్య గీత పల్చన. మన దేశపు ఇంగ్లీషులో ఒక్క రోజు కొండెక్కినా ట్రెక్ అనేస్తారు, దాన్ని తప్పుపట్టక్కర్లేదు. బయటి పాఠకుల కోసం రాస్తే మాత్రం, రోజుల తరబడి సాగే కష్టమైన ప్రయాణానికి ట్రెక్, ఒక పూట నడకకు హైక్ అని ఉంచుకుంటే మేలు.

దెబ్బలు, వయసు, మత్తు వచ్చేచోట మాట తప్పితే మనిషి పరువే పోతుంది, కాబట్టి ఇక్కడ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఒక కాలికి నొప్పి ఉండి కుంటితే లింప్. డాక్టర్‌కి చెప్పాల్సింది కూడా ఇదే, ఏ కాలో కలిపి చెప్పాలి. రెండు కాళ్లూ బిగుసుకుపోయి, కర్ర పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో కష్టంగా పోతే హాబుల్. స్టాగర్ అంటే శరీరం అటూ ఇటూ తూలడం. మోయలేని బరువెత్తినా, తలకు దెబ్బ తగిలినా అలా నడుస్తారు, కానీ కారణం చెప్పకుండా ‘హి స్టాగర్డ్ హోమ్’ అని రాస్తే చదివేవాళ్లకు మొదట తోచేది తాగుడే. అమ్మమ్మ నడకకు ఆ మాట అస్సలు పనికిరాదు. ముసలితనపు తూలుడికి టాటర్ ఉంది, కథలో అతుకుతుంది. పెద్దవాళ్ల గురించి నేరుగా రాసేటప్పుడు మాత్రం ‘వాక్స్ విత్ ఎ స్టిక్’ అనడమే గౌరవం. పసివాళ్ల తప్పటడుగులకు టాడిల్ ముద్దుగా ఉంటుంది. వాడిల్ బాతు నడక. గర్భిణులకో లావుపాటి మనిషికో అంటగడితే అది వెక్కిరింతే. స్టంబుల్ అంటే రాయి తగిలి తూలడం, పడిపోవడం కాదు. పడితే ‘ఫెల్’ అని వేరే చెప్పాలి.

నడకలో ధీమా ఉంటే స్ట్రైడ్, అంటే పెద్ద పెద్ద అంగలు. అదే ధీమా రొమ్ము విరుచుకుని జనానికి చూపించుకునేదైతే స్ట్రట్. మొదటిది మెచ్చుకోలు, రెండోది ఎత్తిపొడుపు. రిజల్ట్ కోసం వరండాలో పచార్లు చేయడం పేస్. దాని వెనక తరచూ అప్ అండ్ డౌన్ వస్తుంది. మార్చ్‌లో సైనిక క్రమమో, నిరసనో ఉంటుంది. 1930 దండి యాత్ర దండి మార్చ్ అయింది అందుకే. బరంపురం ఠాకురాణి యాత్రలో ఘటాల వెంట నడిచే భక్తులకు అది సరిపడదు. ‘వాక్ ఇన్ ప్రొసెషన్’ అని రాయండి.

చప్పుడు లేని నడకల్లో టిప్‌టో అమాయకమైనది, బిడ్డ నిద్రపోతుంటే మునివేళ్ల మీద వెళ్లడం. స్నీక్‌లో దొంగతనం వాసన ఉంది.

సరైన మాట దొరికాక జరిగే పొరపాటు దానికి మళ్లీ స్లోలీ, టయర్డ్‌లీ తగిలించడం. ‘ట్రజ్డ్ స్లోలీ’ అంటే చెప్పిందే చెప్పడం, ‘స్ట్రోల్డ్ క్విక్‌లీ’ అంటే ఒకదాన్నొకటి కొట్టేయడం. ఆ క్రియావిశేషణాన్ని తీసేసి ఎక్కడ నడిచారో చెప్పండి: స్ట్రోల్ తర్వాత అలాంగ్, స్ట్రైడ్ తర్వాత అక్రాస్ లేదా ఇంటూ, వేడ్ తర్వాత త్రూ. మనిషిని వెంటబెట్టుకుని వెళ్లడానికి వాక్ ఒక్కటే హాయిగా ఒదుగుతుంది, ‘ఐ వాక్డ్ హర్ టు ద బస్ స్టాండ్’ లాగా. అక్కడ స్ట్రోల్ కుదరదు. మార్చ్ కుదురుతుంది గానీ రెక్క పట్టుకుని లాక్కెళ్లినట్టుంటుంది. పోలీసు ఫిర్యాదు, ఆఫీసు రిపోర్టు రాసేటప్పుడు వాక్ దాటి పోవద్దు. అక్కడ చూసింది చెప్పాలి, ఊహించింది కాదు.

భూతకాలం రాసేటప్పుడు స్ట్రైడ్ స్ట్రోడ్ అవుతుంది, చప్పుడు కాకుండా మెల్లగా కదలడానికి వాడే క్రీప్ క్రెప్ట్ అవుతుంది. ప్లాడ్, ట్రెక్, స్ట్రట్‌లకు ‘ఈడీ’ చేర్చేముందు చివరి అక్షరం రెండుసార్లు రాయాలి. లింప్, స్ట్రోల్, వాండర్‌లకు అక్కర్లేదు. టిప్‌టోకి ఆఖర్న ‘ఈ’ ఉంది కాబట్టి ‘డీ’ ఒక్కటి చేరిస్తే చాలు.