ఐలాష్ ఎక్స్‌టెన్షన్స్ చేయించుకునే ముందు ఆ జిగురు సీసా అడిగి చూడండి

విజయవాడ, గుంటూరు పార్లర్లలో పెళ్లిళ్ల కోసం ఐలాష్ ఎక్స్‌టెన్షన్స్ (కనురెప్పలకి జిగురుతో అతికించే కృత్రిమ వెంట్రుకలు) చేయించుకోబోతున్న ఆడపిల్లలూ, వాళ్ల అక్కలూ, అమ్మలూ ఇది ఒకసారి చదవండి. "కాస్త మంట మామూలే మేడం, కళ్లు మూసుకుని పడుకోండి" అన్న మాట వినబడిందంటే అక్కడే లేచి కూర్చోండి. ఆ మంట మామూలు కాదు.

మా పిన్ని కూతురి పెళ్లి మొన్న శ్రావణంలో జరిగింది. పెళ్లికూతుర్ని చేసే రోజుకి కాస్త ముందు ఊళ్లోనే ఒక పార్లర్‌లో 3,500 రూపాయలు పెట్టి రెప్పలకి వెంట్రుకలు అతికించుకుంది. పార్లర్ పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. కిటికీ లేని చిన్న గది, ఏసీ. సగం పని అయ్యేసరికి కళ్లు మండుతున్నాయంటే, చేసే అమ్మాయి చేతి ఫ్యాను ఒకటి మొహం మీదకి తిప్పి మిగతా సగం కానిచ్చేసింది. రాత్రికి తెల్లగుడ్డు ఎర్రబడింది. సర్లే తగ్గుతుంది అనుకుంటుండగా ఆ మర్నాటికి రెప్పలు తేనెటీగలు కుట్టినట్టు ఉబ్బిపోయాయి, ఒకటే దురద. నలుగు పెట్టి మంగళస్నానం చేయించాల్సిన పొద్దున సూర్యారావుపేటలో కంటి డాక్టరు గది ముందు కూర్చున్నాం.

పార్లర్‌కి ఫోన్ చేస్తే "ఇన్నేళ్లలో ఎవరికీ ఇలా అవలేదండీ, మీ పాపది సెన్సిటివ్ స్కిన్" అన్నారు. వాడిన జిగురు సీసా ఫొటో పంపమని అడగ్గా అడగ్గా పంపారు. పైన బంగారు రంగు అక్షరాల్లో 'మెడికల్ గ్రేడ్' అని ఉంది, 'ఫార్మాల్డిహైడ్ ఫ్రీ' (కళ్లని మండించే ఆ ఘాటు రసాయనం ఇందులో లేదని) అని ఉంది. అంతే. ఎవరు తయారు చేశారో లేదు, బ్యాచ్ నంబరు లేదు, ఎప్పటిలోగా వాడాలో లేదు, లోపల ఏం కలిపారో లేదు. ఎక్కడ కొన్నారండీ అంటే "హోల్‌సేల్‌లో".

ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పేదాన్ని కాబట్టి ఆ బంగారు అక్షరాలు చూసి నాకు ఒళ్లు మండింది. ఈ జిగుర్ల మూలపదార్థం సయనోఅక్రిలేట్. ఇంట్లో విరిగిన బొమ్మలకి వేసే ఫెవిక్విక్‌ది కూడా ఇదే కుటుంబం. ఇది ఆరి గట్టిపడదు. గాలిలో తేమ తగలగానే దీని అణువులు గొలుసుల్లా అల్లుకుపోయి బిగుసుకుంటాయి. ఆ లోపు దాన్నుంచి ఆవిరి లేస్తుంది. కన్ను ఎప్పుడూ తడిగా ఉండేదే కదా, రెప్ప ఏమాత్రం తెరుచుకున్నా ఆవిరి నేరుగా అక్కడికే పోతుంది. పని జరుగుతున్నంతసేపూ కళ్లు పూర్తిగా మూసి ఉండాలనేది అందుకే. కింది రెప్ప వెంట్రుకల మీద వేసే ప్యాడ్ జరిగి కంట్లో గుచ్చుకున్నా, రెప్ప కాస్త తెరుచుకుపోయినా వెంటనే చెప్పాలి.

ఇక ఫార్మాల్డిహైడ్ సంగతి. బయట నుంచి కలపకపోవచ్చు. కానీ సయనోఅక్రిలేట్ తేమకి మెల్లగా విడిపోయేటప్పుడు పుట్టేవాటిలో ఫార్మాల్డిహైడ్ ఒకటి. 'ఫ్రీ' అని రాసినంత మాత్రాన కంటికి తగలదని కాదు. జపాన్ కంటి డాక్టర్లు 2012లో, ఈ ఎక్స్‌టెన్షన్ల తర్వాత కంటి బాధలతో వచ్చిన 107 మంది ఆడవాళ్ల వివరాలు ప్రచురించారు. సగం మందికి పైగా కంటి నల్లగుడ్డు మీది పొర, తెల్లగుడ్డు మీది పొర వాచినవాళ్లే. మిగతావాళ్లలో ఎక్కువమందికి రెప్పల ఎలర్జీ. వాళ్లు పరీక్షించిన మూడు జిగుర్లలోనూ ఫార్మాల్డిహైడ్ ఉంది.

'మెడికల్ గ్రేడ్' కథ కూడా ఇంతే. ఆపరేషన్ గాయాలు అతికించడానికి డాక్టర్లు సయనోఅక్రిలేట్ వాడే మాట నిజమే. అయితే అది బ్యూటైల్, ఆక్టైల్ రకం, గొలుసు పొడుగు కాబట్టి మెల్లగా విడిపోతుంది, ఒంటికి అంత హాని చేయదు. రెప్పల జిగురులో ఎక్కువగా ఉండేది ఇథైల్ రకం, ఎందుకంటే క్షణాల్లో పట్టేస్తుంది. ఏ రకమో రాయని సీసా మీద ఆ మాటకి విలువేముంది? ఘాటు తక్కువ అని చెప్పే 'సెన్సిటివ్' జిగుర్లు ఉన్నాయి, వాటితో మంట తగ్గొచ్చు. ఎలర్జీ రాదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

మంట వేరు, ఎలర్జీ వేరు. మంట అప్పటికప్పుడు వస్తుంది, కళ్లు ఎర్రబడి నీళ్లు కారతాయి. ఎలర్జీ తాపీగా ఒకటి రెండు రోజులకి రెప్పల మీద వాపు, దురదగా బయటపడుతుంది, జిగురు ఉన్నంతకాలం వదలదు. మా చెల్లికి రెండూ వచ్చాయి. ఒకసారి ఒంటికి పడలేదంటే మళ్లీ ఎప్పుడు తగిలినా వచ్చే అవకాశం ఉంది. కృత్రిమ గోళ్లు అతికించే జిగురులోనూ ఇదే ఉంటుంది కాబట్టి నెయిల్స్ చేసేవాళ్లకి కూడా ముందే చెప్పాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఎలర్జీ ఇలా తాపీగా బయటపడుతుంది కాబట్టే, ప్యాచ్ టెస్టు (జిగురు కాస్త తగిలించి పడుతుందో లేదో చూడటం) పని మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు చేస్తే ఉపయోగం లేదు. ఒకటి రెండు రోజుల ముందు చేయాలి. అదీ అందరినీ పట్టుకోదు, కానీ కొందరినైనా కాపాడుతుంది. "పెళ్లికి టైం లేదు కదా మేడం" అంటే, టైం లేనప్పుడు ఈ పనే వద్దు.

మన ఊరి వాతావరణం ఇంకో తంటా. ఇలాంటి జిగుర్లకి గాలిలో తేమ 45 నుంచి 60 శాతం మధ్య ఉండాలని సాధారణంగా చెబుతారు. కృష్ణ ఒడ్డున వానాకాలంలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. తేమ మరీ ఎక్కువైతే జిగురు పట్టాల్సిన చోటికి చేరకముందే బిగుసుకుని, తెల్లబడి, పెళుసుగా తయారవుతుంది. అప్పుడు ఇంకాస్త పూస్తారు. గదిలో తేమ కొలిచే చిన్న మీటరు ఉందా, సీసా మూత ఎప్పుడు తీశారో దాని మీద తేదీ వేశారా అని అడగండి. మూత తీశాక ఒకటి రెండు నెలల్లో పారేయాల్సిన సరుకు అది. కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయాలి. పెళ్లి కోసం ఈమధ్యే లేసిక్ (కళ్లద్దాలు పోవడానికి చేసే లేజర్ ఆపరేషన్) చేయించుకున్న పిల్లలైతే కంటి డాక్టర్ని అడగకుండా అసలు వెళ్లొద్దు.

మా ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు ఆముదం అన్నారు, ఒకరు తల్లిపాలు చుక్క వేయమన్నారు. మా బాబాయి మందుల షాపు నుంచి చుక్కల మందు తెచ్చేశాడు, చూస్తే స్టెరాయిడ్. నల్లగుడ్డు మీద ఇన్ఫెక్షన్ ఉండి అది వేస్తే ముదురుతుంది, అలా వాడుకుంటూ పోతే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. చీటీ లేకుండా వద్దు. జిగురే కంట్లో పడితే రెప్పల్ని లాగి విడదీయకుండా గోరువెచ్చని నీళ్లతో కడుగుతూ కంటి ఆసుపత్రికి వెళ్లాలి. వెంట్రుకల్ని చేత్తో పీకితే అసలువి కూడా ఊడొస్తాయి. మేం డాక్టరమ్మ చెప్పాక జెల్ రిమూవర్‌తో తీయించాం. చూపు మసకబారినా, వెలుగు చూడలేకపోయినా, పోటు పెట్టినా తెల్లారేదాకా ఆగొద్దు.

పెళ్లిలో కంటికి కాటుక కూడా లేదు. హోమం పొగకి పిల్ల కళ్లు తెరవలేకపోతుంటే పురోహితుడు గారే పాపం విసనకర్ర తెప్పించారు. ఫొటోగ్రాఫర్ మాత్రం ఇంకా అలిగే ఉన్నాడు.

డబ్బులు తిరిగిచ్చేది లేదని పార్లర్ వాళ్లు తేల్చి చెప్పారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాం. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం, మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు కూడా లేదు. మాకు బిల్లు ఇవ్వలేదు కానీ యూపీఐలో కట్టిన స్క్రీన్‌షాట్, రోజువారీ కళ్ల ఫొటోలు, డాక్టరు చీటీ, ఆ సీసా ఫొటో ఉన్నాయి. నల్ల సీసా, బంగారు మూత, పైన 'మెడికల్ గ్రేడ్' అని తప్ప తయారీదారు పేరు లేనిది మీ పార్లర్‌లోనూ కనిపిస్తే ఫొటో తీసి పెట్టుకోండి, ఇప్పటికే ఇబ్బంది పడి ఉంటే 1915కి మీరూ ఫోన్ చేయండి.