‘అన్ని టెస్టులూ అయ్యాయి’ అన్న మాట నమ్మి పక్షిని కొనకండి

ఇప్పుడే పక్షుల డాక్టరు గారి దగ్గర నుంచి పరీక్షల రిపోర్టు తీసుకుని వచ్చాను. కోపం తగ్గాక రాస్తే సగం సంగతులు మెత్తబడిపోతాయి, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. హైదరాబాదులో సన్ కొన్యూర్ అనే రంగుల చిలుక పిల్లల కోసం వెతికినవాళ్లలో చాలామందికి, మాకు పక్షిని అమ్మిన ఆ అమ్మకందారు తెలుసు. రోజూ వాట్సాప్ స్టేటస్‌లో పిల్లల వీడియోలు పెట్టి, ప్రతిదాని కిందా ‘డీఎన్ఏ రిపోర్టు ఉంది, అన్ని టెస్టులూ అయ్యాయి’ అని రాసే మనిషే. పేరు రాయను.

18,000 రూపాయలు ఇచ్చి పిల్లను తెచ్చుకున్నాం. ఇంట్లో ముందు నుంచే రెండు కాకటీల్ పక్షులు (ఇవీ చిలుక జాతివే) ఉన్నాయి కాబట్టి, కొత్తదాన్ని కొన్నాళ్లు వేరే గదిలో ఉంచాలా అని డబ్బు ఇచ్చే ముందే అడిగాను. ‘అవసరమే లేదు మేడమ్, టెస్టులు అయిన పక్షి, నేరుగా కలిపేయండి’ అన్నాడు. అయినా మేం వేరే గదిలోనే పెట్టాం. ఈరోజు నాకు మిగిలిన ఊరట అదొక్కటే.

మొదటిసారి చూపించినప్పుడు డాక్టరు గారు పక్షిని వెంటనే ముట్టుకోలేదు. పంజరాన్ని దూరం నుంచి కాసేపు గమనించి, ఊపిరి తీసుకున్నప్పుడల్లా తోక ఊగుతోంది చూడండి అన్నారు. తర్వాత గ్రాముల త్రాసు మీద నిలబెడితే 86 గ్రాములు. ఈ జాతి పక్షి మామూలుగా 100 నుంచి 120 గ్రాములు తూగుతుంది. ఛాతీ ఎముక కత్తి అంచులా వేలికి తగులుతోంది. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం ఆకుపచ్చగా ఉంది.

అన్ని టెస్టులూ అయ్యాయని ఇచ్చారండీ అంటూ అమ్మిన మనిషి ఇచ్చిన డీఎన్ఏ రిపోర్టు చూపించాను. డాక్టరు గారు చదివి, ‘ఇది ఆడో మగో తేల్చే పరీక్ష అమ్మా, రోగాలకూ దీనికీ సంబంధం లేదు’ అన్నారు. కాలి రింగు మీది నంబరును రిపోర్టులోని నంబరుతో పోల్చి చూస్తే రెండూ వేర్వేరు. అంటే ఆ కాగితం మా పక్షిది కూడా కాదు.

నోటి పైభాగంలోని చీలిక నుంచి, మలద్వారం నుంచి సన్నని దూదిపుల్లతో నమూనాలు తీశారు. అవి క్లామిడియా కోసం, అంటే చిలుకల్లో వచ్చే ఒక బాక్టీరియా రోగం. ఈకలను పాడుచేసే వైరస్ రోగం పీబీఎఫ్‌డీకి, పాలియోమా వైరస్‌కు, రక్తకణాల లెక్కకు కొంచెం రక్తం తీసుకున్నారు. రెట్టను గాజు పలక మీద పూసి అక్కడే మైక్రోస్కోపు కింద చూశారు. ఇంతకుముందు యాంటీబయాటిక్ ఏమైనా పెట్టారా అని ఒకటికి రెండుసార్లు అడిగారు, పెట్టి ఉంటే రోగం ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చట. ఏమీ పెట్టలేదని అమ్మిన మనిషి నాతో చెప్పాడు, నేనూ అదే చెప్పాను.

క్లామిడియా ఉందని వచ్చింది. వైరస్‌లు రెండూ లేవు. ఈ క్లామిడియా పక్షితో ఆగేది కాదు. ఎండిన రెట్ట ధూళి పీల్చితే మనుషులకూ వస్తుంది, ఊపిరితిత్తుల దాకా పోతుంది. మా ఇంట్లో పంజరం శుభ్రం చేసేది మా అమ్మ. అమ్మకు అప్పటికే జ్వరం, పొడి దగ్గు. మామూలు జ్వరమని మందులిచ్చిన డాక్టరు, పక్షి సంగతి చెప్పాకే ఎక్స్‌రే తీయించి మందు మార్చారు.

రిపోర్టు చేతిలో పట్టుకుని, పక్షిని అమ్మిన ఆ మనిషికి ఫోను చేశాను. ముందు, ‘పక్షికి ఇన్ని టెస్టులు ఎవరు చేయించమన్నారు మేడమ్?’ అన్నాడు. కొత్త ఇల్లు కదా, బెంగ పెట్టుకుంది అన్నాడు. పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసిన కాగితం కూడా ఇచ్చాను కదా అన్నాడు. ఇలాంటి విదేశీ జాతి పక్షులకు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో చేయాల్సిన ఆ నమోదు పక్షి ఎవరి దగ్గర ఉందో చెబుతుంది, ఎలా ఉందో చెప్పదు. అదే మాట అన్నాను. క్లామిడియా అని రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు చదివాను. అప్పుడు, ఏదో నాకు మేలు చేసినట్టు, ‘నేను మందు పెట్టే పంపాను మేడమ్. ఆ గూటి పిల్లలన్నిటికీ నీళ్లలో డాక్సీ కలిపి పెట్టాను. మీ దగ్గరికి వచ్చేటప్పుడు హుషారుగానే ఉంది కదా’ అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. డాక్సీ అంటే యాంటీబయాటిక్. మందు పెట్టాడంటే రోగం ఉందని తెలుసు. ఆ గూటి పిల్లలన్నిటికీ పెట్టాడంటే అన్నిటికీ అనుమానం ఉన్నట్టే. కొనేవాళ్లు చూసి వెళ్లేంత వరకు హుషారుగా కనిపించడానికి సరిపడా మందు పెట్టి అమ్మేశాడు. మా ఇంట్లో పెద్దావిడ ఉందని, వేరే పక్షులు ఉన్నాయని తెలిసి మరీ ‘నేరుగా కలిపేయండి’ అన్నాడు. తెలిసే అమ్మారా అని అడిగితే, ‘మార్కెట్లో ఏ పక్షికి లేదు చెప్పండి? పోతే చెప్పండి, ఇంకొకటి సగం ధరకు ఇస్తాను’ అన్నాడు. ‘పోతే చెప్పండి’ అట! నా చేతిలో దానిమ్మ గింజ తింటూ ఉన్న ప్రాణి గురించి ఆ మాట. తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు.

ఇప్పుడు పిల్లకు 45 రోజుల డాక్సీసైక్లిన్ కోర్సు, మధ్యలో ఒక్కరోజు కూడా ఆపకూడదు. కాల్షియం ఆ మందును పనిచేయనివ్వదని పంజరంలోంచి, కాల్షియం కోసం పక్షులు కొరికే కటిల్ ఎముక కూడా తీయించేశారు. కాకటీల్ పక్షులకూ పరీక్షలకు నమూనాలు ఇచ్చి వచ్చాం.

కొనేవాళ్లు ఆడా మగా రిపోర్టును ఆరోగ్య రిపోర్టు అనుకోవద్దు. రోగాల పేర్లు, రింగు నంబరు, తేదీ ఉన్న కాగితమే అడగండి. తెచ్చాక వేరే గదిలో పెట్టి, మొదటి వారంలోనే డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే పక్షి ఉందని డాక్టరుకు చెప్పండి.

ఈ మధ్య ఆ అమ్మకందారు దగ్గర సన్ కొన్యూర్ పిల్లను కొన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, అది ఆడుకుంటున్నా సరే, వెంటనే క్లామిడియా పరీక్ష చేయించండి. ముందే మందు పెట్టి అమ్మారని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అప్పటిదాకా పంజరం పొడిగా ఊడవకండి, మాస్కు పెట్టుకుని తడిపి తుడవండి. పిల్లలను, పెద్దవాళ్లను, గర్భిణులను ఆ గదిలోకి రానివ్వకండి.